ఈ పుస్తకం పాపకివ్వచ్చా?

ఒక ఫాంటసీ నవల గురించి "బాగుందా?" అని అడగడం ఒకటి, "పిల్లలకివ్వచ్చా?" అని అడగడం ఇంకొకటి. మొదటిదానికి జవాబు చెప్పడానికి మనకి విమర్శ అనేది ఒకటుంది. కథ, పాత్రలు, భాష, నిర్మాణం అంటూ మాట్లాడుకోవడానికి కొన్ని అలవాటైన మాటలున్నాయి. రెండోదానికి మన దగ్గరున్నది ఒక జాబితా. రక్తం ఎంత, చావులెన్ని, దయ్యాలున్నాయా, ముద్దులున్నాయా, బూతులున్నాయా. టిక్కులు తక్కువ పడితే పిల్లల పుస్తకం, ఎక్కువ పడితే పెద్దల పుస్తకం. సినిమాలకయితే ఈ జాబితా ఇంకా పదునెక్కింది. 2024 నుంచి యూఏ సర్టిఫికెట్‌లోనే ఏడేళ్లు, పదమూడేళ్లు, పదహారేళ్లు అని మూడు మెట్లు పెట్టారు. పుస్తకాలకి అలాంటి ముద్ర లేదు కాబట్టి ఆ పని ఇంట్లోవాళ్ల మీద పడింది.

ఈ మధ్య మా అక్క ఫోన్లో ఇదే అడిగింది. వాళ్లుండేది తలుపులలో. కూతురికి పన్నెండేళ్లు. కదిరిలో చదివే స్నేహితురాలి దగ్గర్నుంచి ఏడొందల పేజీల ఇంగ్లీషు ఫాంటసీ ఒకటి తెచ్చుకుంది. అట్ట మీద డ్రాగను, లోపల యుద్ధాలు, ఇంకా ఆరు భాగాలున్నాయన్న హెచ్చరిక. "రేయ్, నువ్వు ఇట్లాటివి చదువుతావు కదా. దీంట్లో అంతా నరుక్కునేదే ఉండాదంట. పాపకి ఇయ్యొచ్చునా, వద్దా? ఒక్క మాటలో చెప్పు" అంది.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ పని. ఒక్క మాటలో జవాబొచ్చే పరీక్షలంటే నాకు గౌరవమే. పాసా, ఫెయిలా. కానీ పరీక్షలన్నీ పాసైన ప్రోగ్రాము వాడేవాడి చేతిలో కుప్పకూలడం మా ఆఫీసుల్లో వింతేం కాదు. పరీక్ష రాసినవాడికి ఏం అడగాలో తట్టకపోతే ఆ పాసుకి అర్థం లేదు. రక్తం, దయ్యాలు, ముద్దులు లెక్కపెట్టే జాబితాతోనూ ఇదే చిక్కు. అది తప్పు సంగతిని కొలుస్తోందని నా అనుమానం. అసలు కొలవాల్సింది ఏమిటో తెలిస్తే "బాగుందా?", "పిల్లలకివ్వచ్చా?" అన్న రెండు ప్రశ్నలూ మనం అనుకున్నంత దూరంగా ఉండవు.

*

మా వైపు పిల్లలు పుస్తకం పట్టకముందే ఏమేం వింటారో చూద్దాం.

కదిరి నరసింహస్వామి దగ్గరికి పిల్లల్ని తీసుకుపోని ఇల్లు మా చుట్టుపక్కల దొరకడం కష్టం. ఆ కథేమిటి? ఒక తండ్రి సొంత కొడుకుని ఏనుగులతో తొక్కించబోయాడు, పాములతో కరిపించబోయాడు, కొండ మీంచి తోయించాడు, నిప్పుల్లో వేయించాడు. చివరికి దేవుడు స్తంభంలోంచి వచ్చి ఆ కొడుకు ఎదుటే తండ్రి పొట్టని గోళ్లతో చీల్చి పేగులు మెళ్లో వేసుకున్నాడు. ఈ కథని ఐదేళ్ల పిల్లకి అన్నం తినిపిస్తూ చెప్తారు.

బడి పిల్లల విహారయాత్ర అంటే లేపాక్షి. వేలాడే స్తంభం కింద గుడ్డ పోనిచ్చి లాగాక, పెద్ద నందిని చూశాక, గైడు పిల్లల్ని ఒక గోడ దగ్గరికి తీసుకెళ్తాడు. దాని మీద రెండు ఎర్రటి మరకలు. అచ్యుతరాయల కాలంలో ఈ గుడి కట్టించిన విరూపణ్ణ మీద ఖజానా సొమ్ము అనుమతి లేకుండా ఖర్చుపెట్టాడని నేరం పడిందని, రాజు కళ్లు తీయించేలోపు తనే పెరుక్కుని ఆ గోడకేసి కొట్టాడని చెప్తారు. ఆరో తరగతి పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ ఆ మరకల్ని వేలితో తాకి చూస్తారు.

ఇంకో యాత్ర తిమ్మమ్మ మర్రిమాను. 1989లో గిన్నిస్ పుస్తకంలోకెక్కిన చెట్టు. కొమ్మలు నాలుగెకరాలు దాటి పరుచుకుని ఉంటాయి. భర్త చితి మీద తిమ్మమ్మ సహగమనం చేస్తే, ఆ చితికి పాతిన గుంజల్లో ఒకటి చిగిర్చి ఈ మానయిందని కథ.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మలకి పేరుపడ్డ ఊరు. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకి 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మలాటలో రామాయణ భారతాల మధ్య జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు దిగుతారు. వాళ్లాడుకునే మాటలు ఈనాటి ఏ సెన్సారుకీ నిలవవు. తెరకి అందరికంటే దగ్గరగా చాప మీద కూర్చునేది పిల్లలే.

పిల్లని చంపబోయే తండ్రి, పెరుక్కున్న కళ్లు, మంటలో ఆడమనిషి, పచ్చి బూతు. మన జాబితా పెట్టి చూస్తే ఈ నాలుగు మండలాల్లో పిల్లలకి తగిన కథ ఒక్కటీ మిగలదు. అయినా వీటి గురించి "పిల్లలకి చెప్పొచ్చా?" అని మా అక్క ఎప్పుడూ ఎవరికీ ఫోన్ చేయలేదు.

ఎందుకు? దేవుడి కథలకీ ఊరి కథలకీ మనం ముందే మాఫీ ఇచ్చేశాం, అదొక కారణం. అది నిజమే కానీ పూర్తి కారణం కాదు. ఈ కథలన్నిటికీ పక్కన ఒక మనిషి ఉండేది. మా జేజి ప్రహ్లాదుడి కథ పడుకునే వేళ చెప్తే పేగుల దాకా వచ్చేది కాదు. స్తంభం పగిలింది, స్వామి వచ్చేసినాడు, ఇంక పండుకో అనేది. పగటిపూట, నలుగురు పిల్లలం ఉన్నప్పుడయితే గోళ్లూ పేగులూ అన్నీ ఉండేవి. వినేవాళ్ల మొహాలు చూసి కథని పొడిగించేది, కత్తిరించేది. తోలుబొమ్మలవాళ్లయినా అంతే, ముందు వరస నిద్రకి తూగితే బంగారక్క వచ్చేస్తుంది.

అంతకంటే ముఖ్యమైనది, ఆ మనిషిని ప్రశ్న అడగొచ్చు. "మరి వాళ్ల నాయన చచ్చిపోతే ప్రహ్లాదుడు ఏడ్వలేదా?" అని నేనొకసారి అడిగాను. జేజి కొంచెంసేపు ఆగి, "ఏడ్చే ఉంటాడులేరా, ఎంతైనా నాయన కదా" అంది. ఆమెకి చదువు రాదు. చాలా ఏళ్ల తర్వాత భాగవతం కథ చదువుతుంటే, ప్రహ్లాదుడు స్వామిని కోరినవాటిలో తన తండ్రి పాపం పోవాలన్నది కూడా ఉందని తెలిసింది. చదవని కథకి జేజి సరైన జవాబు చెప్పగలిగింది. ఆ ప్రశ్నకి ఆ కథలో ముందునుంచే చోటుంది. ఒక పిల్లవాడికి వచ్చే సందేహం ఆ కథ కట్టినవాళ్లకి ముందే వచ్చింది.

నేను వెతుకుతున్న కొలత ఇదే. కథ వింటున్న పిల్లకి పుట్టే అతి సహజమైన ప్రశ్నకి ఆ కథలో చోటుందా, లేదా?

*

అచ్చు పుస్తకం జేజిని తీసేసింది. పుస్తకానికి మొహాలు కనపడవు. రాత్రి పన్నెండింటికి దుప్పట్లో చదువుతున్న పిల్ల కళ్లు పెద్దవయ్యాయని ఏడొందల పేజీల నవలకి తెలీదు, అక్కడ అది ఆగదు. అందుకని నవల రాసేవాళ్లు ఆ అడిగే మనిషిని కథలోపలే ఎక్కడో కూర్చోబెట్టాలి.

మన దగ్గర ఈ సంగతి బాగా తెలిసినవారు మధిర సుబ్బన్న దీక్షితులు. కాశీమజిలీ కథలు పన్నెండు భాగాలూ ఒక పిల్లవాడి ప్రశ్నల మీద నిలబడ్డాయి. మణిసిద్ధుడనే యతి కాశీకి పోతూ ఒక గొల్ల కుర్రవాణ్ని వెంటబెట్టుకుంటాడు. కథలు చెప్పాలన్న ఒప్పందం మీదే వాడు వెంట నడుస్తాడు. ప్రతి మజిలీలోనూ ఏదో వింత చూసి వచ్చి అడుగుతాడు, ఆయన దాని వెనకున్న కథ చెప్తాడు. ఆ కథల్లో శృంగారం ఉంది, మోసం ఉంది, హత్యలున్నాయి. కానీ వినేవాడొకడు పక్కన ఉన్నాడన్న స్పృహ పోదు.

ప్రతి ఫాంటసీలోనూ ఇలా గొల్ల కుర్రవాణ్ని పెట్టమని కాదు. వేరే దారులున్నాయి. చేసిన పని ఫలితం తిరిగి వచ్చి తలుపు తట్టొచ్చు. శత్రువుకి కూడా మాట్లాడే వంతు రావొచ్చు. గెలిచినవాడు గెలిచిన రాత్రి నిద్రపోలేకపోవచ్చు. ఉర్సులా లె గ్విన్ 1968లో పిల్లల కోసం రాసిన ఎర్త్‌సీ నవల తీసుకోండి. మంత్రవిద్య నేర్చుకుంటున్న కుర్రాడు పంతానికి పోయి తనకి మించిన మంత్రం వేస్తాడు. ఒక చీకటి ఆకారం బయటపడి అతని వెంట పడుతుంది, దాన్ని ఆపబోయి అతని గురువుల్లో పెద్దాయన చచ్చిపోతాడు. చివరికి కుర్రాడు దాన్ని ఎదిరించి పెట్టే పేరు తన పేరే. "మంత్రం ఉంటే ఏదైనా చేసేయొచ్చు కదా?" అన్న పిల్లల ప్రశ్నకి అది నవల పొడుగునా సాగే జవాబు. భయపెట్టే పుస్తకమే, కానీ భయపెట్టి పారిపోదు.

*

తెలుగులో మూడు తరాల పిల్లలు చదివిన ఎపిక్ ఫాంటసీ అంటే చందమామ సీరియల్సే. చందమామ 1947 జులైలో మద్రాసులో మొదలయింది. 1952లో కొడవటిగంటి కుటుంబరావు సంపాదకత్వానికి వచ్చారు, 1980లో పోయేదాకా ఆయనే చూశారు. అదే కాలంలో అక్కడ పనిచేసిన దాసరి సుబ్రహ్మణ్యం 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు ఇలా పాతికేళ్ల పాటు సీరియల్స్ రాశారు. కొత్త సీరియల్ మొదలయితే చిత్రా బొమ్మల్లోని రాక్షసులు ఇంటింటికీ దిగేవారు.

కుటుంబరావు మార్క్సిస్టు. సుబ్రహ్మణ్యం హేతువాది, నాస్తికుడు. ఇద్దరికీ మంత్రాల మీద పిసరంత నమ్మకం లేదు. అలాంటివాళ్లు పిల్లలకి మాంత్రికుల్ని, పుర్రెల్ని, మొసలి వాహనాల్ని వడ్డించారంటే ఆశ్చర్యంగానే ఉంటుంది. మూఢనమ్మకాలు పెంచుతున్నారన్న మాట చందమామ ఎప్పుడూ పడుతూనే ఉంది. నాకు కనిపించేది వేరే. ఈ సీరియల్స్‌లో మంత్రం ఎప్పుడూ దేవుడిచ్చిన వరంలా ఉండదు, దొంగ చేతికి దొరికిన ఆయుధంలా ఉంటుంది. మాంత్రికుడికి ఆశ ఉంటుంది, పంతం ఉంటుంది, భయం ఉంటుంది. నాయకుడు గెలిచేది ఎక్కువగా ధైర్యంతో, యుక్తితో, స్నేహంతో. మంత్రం ఉన్నవాడంటే పిల్లలకి భక్తి కలగదు, వీడికేం కావాలి అన్న అనుమానం కలుగుతుంది. నాస్తికులు రాసిన మంత్రాలని తెలిసిపోతూ ఉంటుంది.

ఇంకో మెచ్చుకోదగ్గ సంగతి. రాక్షసుడంటే శత్రువే అని ఈ కథలు ఒప్పుకోవు. జ్వాలాద్వీపంలో ఉగ్రాక్షుడు రాక్షసుడే, పాఠకులకి మాత్రం ఇష్టుడు. శిథిలాలయంలో విక్రమకేసరితో సమానంగా నడిచే శిఖిముఖి శబర యువకుడు. రాజకుమారుల లోకంలో అడవి కుర్రవాడు పక్కవాద్యంగా మిగిలిపోకుండా కథని నడుపుతాడు.

అలాగని ఈ సీరియల్స్ అన్ని ప్రశ్నలకీ చోటిచ్చాయని అనలేం. అమ్మాయిలు ఎక్కువసార్లు ఎత్తుకుపోబడటానికే వస్తారు. పన్నెండేళ్ల పాప చదువుతూ "ఈమె ఏం చేస్తోంది ఇంతసేపూ ఆ గుహలో?" అని అడిగితే కథ దగ్గర జవాబుండదు. ఇంకా చాలాచోట్ల అడవిలో ఎదురయ్యే గుంపులు ఈకలు, ఎముకలు, కేకలుగానే ఉండిపోతారు. శిఖిముఖిని రాయగలిగిన కలం నుంచే అవీ వచ్చాయి. పుర్రెల దండ కన్నా పిల్లల్లో ఎక్కువకాలం ఉండిపోయేది ఇదేనేమో అని నా భయం. పుర్రె కలలోకి వస్తుంది, నాలుగు రోజులకి పోతుంది. అడవిలో ఉండేవాళ్లు మనలాంటి మనుషులు కారన్న భావం మాత్రం కలలోకి రాదు, అందుకే పోదు.

ఒకటి మాత్రం ఆ కాలానికి కలిసొచ్చింది. సీరియల్ కాబట్టి నాయకుడు అగాధంలోకి జారితే నెలరోజులు అక్కడే ఉండేవాడు. ఆ నెలంతా పిల్లలు అరుగుల మీద కూర్చుని ఏమవుతుందో వాదించుకునేవారు. కథకుడు పక్కన లేకపోయినా ప్రశ్నలు అడగడానికి వ్యవధి ఉండేది, తోడుండేది. ఇప్పుడు ఏడు భాగాలూ ఫోన్లోనే ఉన్నాయి. ఒక చావు గురించి ఆలోచించేలోపు తర్వాతి అధ్యాయంలో ఇంకో చావు వచ్చేస్తుంది.

*

జాబితా ఎక్కడ దారి తప్పుతుందో రెండు సినిమాలతో చెప్తాను. ఫాంటసీ అంటే మనకి పుస్తకంతో పాటు తెర కూడా.

1951 నాటి పాతాళభైరవి తీసిన కె.వి. రెడ్డి మా జిల్లా మనిషి, తాడిపత్రి ఆయన. ఇంటిపేరే కదిరి. ఆ సినిమాలో నరబలి ఉంది, తల నరకడం ఉంది, చచ్చిన మాంత్రికుణ్ని శిష్యుడు సంజీవని పెట్టి లేపడం ఉంది. జాబితా ప్రకారం పిల్లల్ని బయటికి పంపేయాలి. డెబ్బై ఏళ్లుగా పిల్లలు దాన్ని చూసి నవ్వుతున్నారు. తోటరాముడు తోటమాలి కొడుకు. అడిగిందల్లా దొరికాక కూడా ఆ దొరికినది ఒక బొమ్మ మీద ఆధారపడి ఉందని, అది పోతే మేడ కూడా పోతుందని కథ చూపిస్తుంది. "అడిగితే చాలా? అన్నీ వచ్చేస్తాయా?" అన్న పిల్లల ప్రశ్నకి ఇక్కడ జవాబుంది, అదీ నవ్విస్తూ.

బాహుబలి (2015) పిల్లలు విరగబడి చూసిన సినిమా, నేనూ కేకలు పెట్టే చూశాను. అందులో కాలకేయుల కోసం మదన్ కార్కీ ఒక భాషనే తయారుచేశారు, కిలికి అని. ఫాంటసీలో ఇది పెద్ద పని, టోల్కీన్ చేసిన తరహా పని. కానీ ఆ భాషలో కాలకేయులు చెప్పుకున్నది ఏమిటి? వాళ్లకి ఊరుందా, వానల కోసం చూస్తారా, పిల్లలున్నారా? వ్యాకరణమున్న భాష ఇచ్చి, అందులో ఒక్క తల్లి మాట పెట్టలేదు. మసి పూసిన నల్లటి ఒళ్లు, అరుపులు, వేల సంఖ్యలో చావు. ఆ చావులు చూసి ఏ పిల్లా ఏడవదు, ఏడవడానికి కథ చోటివ్వలేదు. యుద్ధం బాగా తీశారా అంటే బ్రహ్మాండంగా తీశారు. అయినా ఆ భాగంలో సినిమా పల్చబడిందని విమర్శకుడిగా అంటాను. పిల్లలతో చూస్తే దాని గురించి మాట్లాడాలని మేనమామగా అంటాను. రెండు మాటలూ ఒక్క లోపం గురించే.

ఇక మా ఊరి వైపు కథలు. మాఫీ ఇచ్చేశాం అన్నాను కదా, ఈ కొలత పెడితే అవి కూడా దానికి లోబడాలి. లేకపోతే ఇది కొలత కాదు, బయటివాళ్ల పుస్తకాల మీద పెట్టే ఆంక్ష అవుతుంది.

మా అక్క కూతురు ఎనిమిదేళ్లప్పుడు తిమ్మమ్మ మర్రిమాను కింద నిలబడి కథ విని, "ఆమెకి కాలలేదా?" అని అడిగింది. చుట్టూ ఉన్న పెద్దవాళ్లలో ఎవరో "తప్పు, అట్ల అడగకూడదు" అన్నారు. పాప ఊరుకుంది. ఆ ఐదు నిమిషాల్లో పాపకి తగనిది మంట కాదు, ఆ "అడగకూడదు". 1830లో మద్రాసు రాజధానిలో సహగమనాన్ని నిషేధించిన తర్వాత కూడా ఆ కథ మహిమగానే నిలిచింది. మహిమగా మాత్రమే చెప్పినంతకాలం దాంట్లో ఆమెకి నొప్పి లేదు, భయం లేదు, ఇష్టం ఉందో లేదో తెలియదు. ఊడలు ఊళ్లంత పరుచుకున్న చెట్టు కింద ఒక మనిషి అనుభవం పూర్తిగా మాయమయింది. ఈ కథ పిల్లలకి చెప్పొద్దని నేను అనను. "కాలే ఉంటుంది తల్లీ" అని చెప్పగలిగినవాళ్లే చెప్పాలి అంటాను.

*

దీనికి అడ్డు మాటలున్నాయి, వాటిని దాటేయలేం.

మొదటిది. సాహిత్యానికి మళ్లీ నీతి పరీక్ష పెడుతున్నావా? ఫాంటసీ పిల్లల సొత్తని ఎవరన్నారు? ఈ రెండో మాట టోల్కీన్ ఎప్పుడో అన్నదే. 1939లో సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రసంగంలో, వింత కథలు పిల్లల వాటాకి రావడం చారిత్రక ప్రమాదమని, పాతబడ్డ సామాను పిల్లల గదిలోకి తోసేసినట్టు పెద్దవాళ్లు వాటినీ తోసేశారని ఆయన వాదించారు. నేను ఒప్పుకుంటాను. నా కొలత మంచి నీతి చెప్పిందా అని అడగదు. ప్రహ్లాదుడి ఏడుపుకి చోటివ్వడం నీతి చెప్పడం కాదు. అది ఆ లోకాన్ని పూర్తిగా ఊహించడం. పుట్టాల్సిన ప్రశ్న పుట్టకుండా కట్టిన లోకం పెద్దవాడికైనా అట్టముక్కల లోకంలాగే ఉంటుంది. పెద్దవాడు దాన్ని గుర్తుపట్టి పక్కన పెడతాడు, పన్నెండేళ్ల పిల్ల అదే లోకమనుకోవచ్చు. తేడా అంతే.

రెండోది. అయితే గొప్ప పుస్తకమయితే చాలు, ఏ వయసుకైనా ఇచ్చేయొచ్చా? ఇవ్వలేం. ఇక్కడ రెండు ప్రశ్నలూ నిజంగానే విడిపోతాయి. పింగళి సూరన కళాపూర్ణోదయం మన భాషలో అతి తెలివైన ఫాంటసీ. గగనవిహారాలు, రూపం మార్చుకున్న అప్సరసలు, నరకబడ్డ తల, పూర్వజన్మ కథ విప్పి చెప్పే పసిబిడ్డ అన్నీ ఉన్నాయి. అది పన్నెండేళ్లవాళ్ల చేతికి రాకపోవడానికి శృంగారం ఒక కారణం. కానీ శృంగారం తీసేసి కుదించినా అది వాళ్లకి అందదు. కోరికకీ అసూయకీ మధ్య మనిషి ఎలా నలుగుతాడో కొంత తెలిసి ఉంటేనే దానిలోని ప్రశ్నలు మనవవుతాయి. పుస్తకం ప్రశ్నకి చోటిచ్చినా, చదివేవారి దగ్గర ఆ ప్రశ్న ఇంకా పుట్టలేదు. లైంగిక హింసని పేజీలకి పేజీలు వర్ణించే కొన్ని పాశ్చాత్య ఎపిక్ ఫాంటసీల విషయమూ అంతే. వాటిల్లో కొన్ని మంచి నవలలే. పదమూడేళ్ల పిల్లకి వాటిని ఒంటరిగా ఇవ్వను. అది చదివాక పుట్టే ప్రశ్నని ఆ వయసు పిల్ల మన ఇళ్లల్లో ఎవర్ని అడగగలదు? కాబట్టి వయసు లెక్క అవసరమే. ఆ లెక్కలో పుస్తకంలో ఏముంది అన్నదానితో పాటు, ఆ ఇంట్లో అడగడానికి ఎవరున్నారు అన్నదీ కలపాలి.

మూడోది నాకు అన్నిటికంటే గట్టిదనిపిస్తుంది. పిల్లలు చెత్త పుస్తకాలు కూడా చదువుతారు, చదివే పెరుగుతారు. మనలో చాలామందికి చదవడం అలవాటయింది అద్దె పుస్తకాల క్షుద్ర నవలలతోనే. తీర్పులిచ్చుకుంటూ కూర్చుంటే పిల్లలు చదవడమే మానేస్తారు. నిజమే. అందుకే తీర్పుకీ నిషేధానికీ మధ్య గీత గీసుకోవాలి. ఒక పుస్తకం పల్చనిది అనడం, దాన్ని పిల్ల చేతిలోంచి లాక్కోవడం, ఈ రెండూ వేరు. మొదటిది విమర్శ. రెండోది చేస్తే ఆ తెల్లవారే అదే పుస్తకం పీడీఎఫ్ రూపంలో ఫోన్లో ఉంటుంది. ఈసారి దాని గురించి ఎవర్నీ అడగరు కూడా. అంటే మనం కాపాడదామనుకున్న చోటునే మూసేసినట్టవుతుంది.

*

అక్కకి ఒక్క మాట ఇవ్వలేదు. మూడు చెప్పాను.

మొదటిది, వంద పేజీలు నువ్వు చదువు. ఇంగ్లీషు కష్టమయితే పాపనే చదివి కథ చెప్పమను. ఎంతమంది చచ్చారని లెక్కపెట్టద్దు. చచ్చినవాళ్ల కోసం పుస్తకంలో ఎవరైనా ఆగారా, చంపినవాడు మర్నాడు ఎలా లేచాడు, అవతలి పక్షంలో ఒక్కరికైనా పేరుందా చూడు. ఈ మూడూ ఉంటే కత్తులెన్నున్నా పరవాలేదు. ఏదీ లేకపోతే ముఖచిత్రం మీద పిల్లల ముద్ర ఉన్నా అది చవక పుస్తకం, చదివినా చదవకపోయినా ఒకటే.

రెండోది, భయమేస్తే మధ్యలో ఆపేయొచ్చని పాపకి చెప్పు. మన పిల్లలకి మొదలుపెట్టింది పూర్తి చేయాలన్న నీతి బాగా నేర్పుతాం, ఆపే హక్కుందని నేర్పం. జేజి దగ్గర నిద్రొస్తే కథ ఆగేది. పుస్తకం దగ్గర ఆ పని చదివేవాళ్లే చేసుకోవాలి.

మూడోది అక్కకి అంతగా నచ్చలేదు. "పాప ఏదైనా అడిగితే, ఎంత ఇబ్బందిగా ఉన్నా, అట్ల అడగకూడదు అనద్దు." అక్క కాసేపు మాట్లాడలేదు. "నాకు తెలీకపోతే?" అంది. తెలీదని చెప్పొచ్చు అన్నాను. "అంత సేపు ఎవరికుంటుందిరా, పొద్దున్నుంచీ పనే సరిపోతాంది" అంది. దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. ఈ వ్యాసం చదివేవారిలోనూ చాలామందికి ఉండకపోవచ్చు. బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగం చేసుకుంటూ, ఊళ్లో ఉన్న పిల్లలకి పుట్టినరోజులకి ఆన్‌లైన్‌లో పుస్తకాలు పంపించే మావయ్యలం, పిన్నమ్మలం మనం. రేటింగు చూసి, వయసు చూసి, పంపేస్తాం. పుస్తకం చేరుతుంది. పక్కన మనిషి చేరడు.

అందుకే ఈ తీర్పు పని మనలాంటివాళ్ల మీద ఇంకొంచెం ఎక్కువ ఉందనుకుంటాను. పంపే ముందు చదవడం, పంపాక వారానికొకసారయినా ఫోన్ చేసి ఎంతదాకా వచ్చావని అడగడం, పాప చెప్పే కథలో వాళ్లెవరో చచ్చిపోయారని మామూలుగా అనేసినప్పుడు "ఎవరు? పేరేంటి?" అని ఆపడం. ఇవేవీ గొప్ప విమర్శ సూత్రాలు కావు. కానీ ఒక నవల బాగుందో లేదో, పిల్లలకి తగునో కాదో తేల్చడానికి ఇంతకంటే నమ్మకమైన పద్ధతి నాకు దొరకలేదు. పాప ఇప్పుడు రెండొందల నలభయ్యో పేజీలో ఉంది. నేను నూటయాభయ్యో పేజీలో ఉన్నాను.